గమ్హరియా నుండి విశాఖ విమానాశ్రయానికి

గమ్హరియాలో విశాఖపట్నం పేరు రెండు విధాలుగా వినవస్తుంది. శ్రావణమాసం ప్రవేశించగానే మా కాలనీలోని బెంగాలీ, బిహారీ కుటుంబాలవారు దసరా సెలవులకు ఎక్కడికి వెళ్ళాలన్న చర్చ ఆరంభిస్తారు. పూరీ ఎన్నిసార్లు చూస్తాము, ఈసారి వైజాగ్ వెళ్దామంటారు. రుషికొండ, కైలాసగిరి, బొర్రా గుహలు, అరకు అనే నాలుగు పేర్లూ వారికి కంఠస్థం. ఎల్.టి.సి. తీసుకోదలచిన సహోద్యోగులు మేము తెలుగువారమన్న ఒక్క కారణంచేత మా బల్ల వద్దకు వచ్చి, అరకులో ఒక రాత్రి ఉండవలెనా, రెండు రాత్రులా అని అడుగుతారు. మేము అరకులో నిద్రచేసినది జీవితంలో ఒకే ఒక్కసారి అని చెబితే నమ్మరు.

రెండవ విధం మన తెలుగువారిది. వీరు విశాఖపట్నం వెళ్తున్నామని అనరు. ఊరికి వెళ్తున్నామంటారు. ఆ ఊరు నరసన్నపేట దాపునో, పాలకొండ అవతలో, బొబ్బిలి పక్కనో ఉంటుంది. విశాఖ వీరికి దిగే చోటు మాత్రమే. సముద్రాన్ని చూడడానికి వెళ్ళేవారూ, చూడవలసిన మనుషులున్నందున వెళ్ళేవారూ ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో కూర్చుంటారు. లెక్కలలో మాత్రం ఇద్దరూ ప్రయాణికులే. పర్యాటక క్షేత్రపు విమానాశ్రయమని పేరు పడిన ఆ చోటు మావంటి వారికి ఏమై యున్నదో నాలుగు మాటలు వ్రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాము.

గమ్హరియా ఎక్కడున్నదో పాఠకులలో కొందరికి తెలియకపోవచ్చు. ఝార్ఖండ్‌లోని సరాయికేలా-ఖర్సవాన్ జిల్లాలో, జంషెడ్‌పూర్ నగరాన్ని, ఆదిత్యపూర్ పారిశ్రామికవాడను ఆనుకొని యున్న కర్మాగారాల ప్రాంతమిది. హౌరా నుండి బొంబాయి వెళ్ళే ప్రధాన రైలుమార్గంలో టాటానగర్, ఆదిత్యపూర్ దాటిన పిమ్మట వచ్చే చిన్న స్టేషను. పెద్ద బండ్లు ఇక్కడ ఆగవు. మన సంస్థకు కావలసిన పోత భాగాలు, యంత్ర భాగాలు ఈ చుట్టుపక్కల తయారవుతాయి గనుక వాటి తనిఖీ నిమిత్తం మేము ఇక్కడికి వచ్చి, రెండేళ్ళకని వచ్చినవారమే, ఏళ్ళ తరబడి ఉండిపోయాము. అయితే మాకంటె ఎంతో ముందే తెలుగువారు ఈ నేలకు వచ్చి స్థిరపడినారు. సాక్చి వద్ద టాటావారి కర్మాగారంలో 1912లో మొదటి ఉక్కు తయారైంది. 1919లో ఆ ఊరు జంషెడ్‌పూర్ అయినది. కాళీమాటి అనే రైల్వేస్టేషను టాటానగర్ అయినది. ఆ తరాలలోనే శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి కూలికి, కొలిమిపనికి, క్రేను పనికి జనం తరలివచ్చారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరంలో ఉత్సవాలనాడు నిలబడి చెవియొగ్గితే శ్రీకాకుళపు యాస నేటికీ వినిపిస్తుంది. మూడవ తరం పిల్లలు హిందీలో ఆలోచించి తెలుగులో మాట్లాడుతారు. యాస మాత్రం తాతగారిదే.

ఇంత జనం ఊరికి వెళ్ళే దారి రైలు. టాటానగర్ నుండి రూర్కెలా, సంబల్‌పూర్, టిట్లాగఢ్, రాయగడ మీదుగా కొండలు దిగి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం చేరే మార్గం ఒకటి. ఖరగ్‌పూర్ వెళ్ళి, అక్కడినుండి భువనేశ్వర్, బరంపురం, పలాస మీదుగా సముద్రతీరం వెంబడి పోయే మార్గం రెండవది. ఏ దారిన పోయినా దాదాపు ఒక పగలు, ఒక రాత్రి. పెళ్ళికి వెళ్ళేవారికి ఈ కాలవ్యవధి బాధ కాదు. రొట్టెలు, ఊరగాయ, చీట్లపేకలు ఉంటే ఆ ప్రయాణమే ఒక వేడుక. చావుకబురు వచ్చినవారి సంగతి వేరు.

విమానం మాట తీస్తే గమ్హరియావారికి ముందుగా గుర్తువచ్చేది జంషెడ్‌పూర్ సోనారీలోని చిన్న విమానతలం. అది టాటా సంస్థవారిది. అక్కడి రన్‌వే పొడవు పెద్ద జెట్ విమానాలకు చాలదు. కేంద్రప్రభుత్వపు ‘ఉడాన్’ పథకం కింద 2023 జనవరి 31న అక్కడినుండి కలకత్తాకు, భువనేశ్వర్‌కు తొమ్మిది సీట్ల చిన్న విమానం మొదలైనప్పుడు మా కాలనీలో సంబరం ఇంతా అంతా కాదు. తొమ్మిది సీట్లలో మనకు దొరికేది ఎన్ని అని మేము లోలోపల లెక్కవేసుకొన్నాము గాని, పైకి అనలేదు. కాబట్టి విశాఖకు ఎగిరిపోవాలంటే ముందు రాంచీకో కలకత్తాకో నేలమీద చేరుకోవలసిందే.

ఇక అసలు విమానాశ్రయం. దాని నేల గురించి ఇంజనీరుగా కొంత చెప్పక తప్పదు. ఆ నేలను గమనించనివారికి అక్కడి ఇబ్బందులు ఏవీ అర్థం కావు.

విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. సముద్రపు పోటు నీరు వచ్చిపోయే ఉప్పుటేరు బురదనేలను తవ్వి లోపలి హార్బరును నిర్మించారు. ఆ హార్బరుకు వెనుకవైపు, కొండల నడుమ పరచుకొన్న పల్లపు నేలలో విమానాశ్రయం ఉన్నది. కొండలమీది నీటిని తెచ్చే మేఘాద్రిగెడ్డ ఆ పక్కనే ప్రవహించి హార్బరులో కలుస్తుంది. ఎగువన ఆ గెడ్డ మీదనే జలాశయం కట్టారు. భారీ వర్షాలు కురిసి జలాశయం నిండితే గేట్లు ఎత్తక తప్పదు. ఎత్తిన నీరు విమానాశ్రయపు చుట్టుపక్కల నుండే పోవాలి. అదే సమయంలో సముద్రం పోటుమీద ఉంటే ఆ నీరు త్వరగా దిగదు. 2005లో వరదనీరు విమానాశ్రయంలోకి చొచ్చుకొని వచ్చి రాకపోకలను ఆపివేసింది. పల్లపు నేలలో కట్టడం తప్పా అంటే, కొండల మధ్య అంత చదునైన జాగా దొరికేది పల్లంలోనే. కొండలు విమానానికి అడ్డు, పల్లం నీటికి నిలయం. ఈ రెండింటిలో ఒకదానిని ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఏ ఇంజనీరైనా నీటినే ఎంచుకొంటాడు. నీటిని తోడవచ్చును, కొండను తోడలేము.

ఆ నేల నావికాదళం వారిది. అక్కడి నావికా వైమానిక కేంద్రానికి 1991 అక్టోబరు 21న ‘ఐ.ఎన్.ఎస్. డేగ’ అని నామకరణం జరిగింది. మన తెలుగుమాట నావికాదళపు కేంద్రానికి పేరు కావడం మాకు ఎంతో ఇష్టమైన సంగతి. ఉత్తరాది సహోద్యోగులు దానిని ‘దేగా’ అని పలికినప్పుడెల్లా, అది కోడిపిల్లలను తన్నుకుపోయే డేగ అని సరిదిద్దుతూ వచ్చాము. రన్‌వే, విమానాల నియంత్రణ నావికాదళం చేతిలోను, ప్రయాణికుల టెర్మినల్ విమానాశ్రయాల ప్రాధికార సంస్థ చేతిలోను ఉండే ఏర్పాటు అది. అనగా పౌర విమానం అక్కడ అద్దెకున్నవాడి వంటిది. నావికాదళపు శిక్షణ విమానాలు ఎగిరే వేళలలో పౌర విమానాలకు చోటు కుదరదు. విశాఖకు వేళకాని వేళలలో విమానాలెందుకని విసుగుకొనే పర్యాటకులకు ఈ సంగతి తెలియదు. దేశపు తూర్పుతీరాన్ని కాచే తూర్పు నౌకాదళం ప్రధాన స్థావరం ఆ ఊరిలోనే ఉన్నదని తెలిస్తే విసుగు కొంత తగ్గవచ్చు.

రన్‌వే విషయానికి వస్తే, పాతది 1,828 మీటర్లు, అంటే సరిగా ఆరువేల అడుగులు. దాని అంకెలు 05/23. ఈ అంకెల రహస్యం మా అబ్బాయికి చిన్నప్పుడు చెప్పినట్లే చెబుతాము. దిక్సూచి ప్రకారం రన్‌వే చూచే దిశను డిగ్రీలలో కొలిచి, చివరి సున్నను తీసివేస్తారు. 05 అంటే 50 డిగ్రీలు, అనగా ఈశాన్యం. దాని అవతలి కొస 230 డిగ్రీలు, నైరుతి. విశాఖలో ఎండాకాలం, వానాకాలం వీచే గాలి చాలావరకు నైరుతిదే. విమానం గాలికి ఎదురుగా లేచి, ఎదురుగా దిగాలి కనుక ఆ పాత రన్‌వే గాలిని బాగా ఎరిగిన రన్‌వే. కొత్తది 2007లో వాడుకలోకి వచ్చింది. పొడవు 3,050 మీటర్లు, అంకెలు 10/28. అంటే 280 డిగ్రీల వైపు చూస్తుంది. నైరుతి గాలికి దీనికి మధ్య 50 డిగ్రీల తేడా. 20 నాట్ల గాలి నైరుతి నుండి వీస్తే, అందులో 15 నాట్లు అడ్డుగాలిగానే తగులుతుంది. పొడవు కోసం గాలిని కొంత వదులుకొన్నారన్నమాట. ఈ బేరం సబబైనదే.

ఎందుకు సబబైనదో చెబుతాము. రన్‌వే పొడవును 15 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద లెక్కకట్టి, ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకి నూటికి ఒకటి చొప్పున కలపాలన్నది అంతర్జాతీయ పద్ధతి. వేడిగాలి పలుచన. రెక్కలకు ఆధారం, ఇంజనుకు బలం రెండూ తగ్గుతాయి. విశాఖ సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్నందున ఎత్తుకోసం కలపవలసినది లేదు. వేడి మాత్రం ఉన్నది. 35 డిగ్రీల మధ్యాహ్నం ఆ 1,828 మీటర్ల రన్‌వే నిజానికి 1,520 మీటర్ల రన్‌వేతో సమానం. అప్పుడు విమానం నిండా ప్రయాణికులనైనా ఎక్కించాలి, నిండా ఇంధనమైనా పోయాలి, రెండూ కుదరవు. కొత్త 3,050 మీటర్లు అదే ఎండలో 2,540 మీటర్లకు తగ్గినా, ఎయిర్‌బస్ వంటి విమానాలు నిండుగా లేవడానికి అడ్డు లేదు. 2009లో కొత్త టెర్మినల్ భవనం తెరిచారు. విశాఖకు పర్యాటకుల రాక పెరగడానికి అరకు అందాలూ, ప్రకటనలూ కారణమని అందరూ అంటారు. మేము మాత్రం ఆ అదనపు పన్నెండువందల మీటర్ల రన్‌వేకు కూడా కొంత వాటా ఇవ్వాలంటాము. దాని బొమ్మ ఏ ప్రకటనలోనూ ఉండదు.

సముద్రం మీదుగా దిగిన ప్రతిసారీ కిటికీలోనుండి కనబడేది ముందు బయటి సముద్రంలో లంగరు వేసుకొని వంతు కోసం నిలిచియున్న ఓడలు, పిమ్మట డాల్ఫిన్స్ నోస్ కొండ, ఆపైన ఓడరేవు క్రేన్లు, ఇనుప ఖనిజపు గుట్టలు. పిల్లలు ఓడలను లెక్కబెడతారు. ఇంజనీర్లు క్రేన్లను లెక్కబెడతారు. ఇది రక్షణశాఖ విమానాశ్రయం, ఫొటోలు తీయరాదన్న ప్రకటన అప్పుడే వినిపిస్తుంది.

నావికాదళపు విమానం ఒకటి పర్యాటకుల సొత్తైన ముచ్చట కూడా ఇక్కడిదే. దాదాపు మూడు దశాబ్దాలు సముద్రంమీద నిఘా కాచిన టి.యు.-142 విమానం 2017లో విరమణ పొంది, చివరిసారిగా ఎగిరి ఐ.ఎన్.ఎస్. డేగలో దిగింది. అక్కడ దానిని విడగొట్టి, రోడ్డుమీద తరలించి, రామకృష్ణా బీచ్ వద్ద మరల కూర్చి ప్రదర్శనశాలగా మార్చారు. దానికి ఎదురుగా 2002 నుండి కుర్సురా జలాంతర్గామి ఉన్నది. మా కాలనీ పిల్లలు ఆ రెండింటిలోనూ దిగిన ఫొటోలు మా వద్ద ఉన్నాయి. అంత పెద్ద విమానాన్ని బోల్టు బోల్టుగా విప్పి మరల బిగించినవారి పనితనాన్ని గురించి ఆ పిల్లలకు చెప్పబోతే, వారికి ఐస్‌క్రీము బండి కనబడింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ మీదనే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల వేగాన్ని అందుకొన్న గాలులు విమానాశ్రయపు టెర్మినల్ పైకప్పును చీల్చివేశాయి. లోపలి సీలింగు ముక్కలై వేలాడింది. విమానాలకు దారిచూపే పరికరాలు దెబ్బతిన్నాయి. టీవీలో ఆ దృశ్యాలు చూస్తూ గమ్హరియాలో మేము చేసిన పని ఫోను నొక్కడమే. ఎన్నిసార్లు నొక్కినా అవతల మోగలేదు. శ్రీకాకుళం వైపు వారికి ఏమైనదో తెలియదు. రైళ్ళు ఆగిపోయాయి, దారులలో చెట్లు కూలాయి. పూజ సెలవులకు విశాఖ వెళ్ళి అక్కడే చిక్కుబడిన కుటుంబం ఒకటి మా కాలనీలో ఉండేది. వారి బంధువులు మా ఇంటికి వచ్చి కూర్చొన్నారు. వారికి మేము, మాకు వారు ధైర్యం చెప్పుకొన్నాము. ఎవరివద్దా కబురు లేదు. అయిదు రోజులకు, అనగా 17వ తేదీన, విమానాల రాకపోకలు పరిమితంగా మరల మొదలైనవి. కప్పు లేని టెర్మినల్‌లో ప్రయాణికులను పంపించడం ఎంతటి పనియో మరమ్మతులు చేసేవారికి తెలుస్తుంది. ఆ చిక్కుబడిన కుటుంబం తరువాతి వారంలో ఇల్లు చేరింది. మావారి కబురు అంతకు ముందే అందింది: ఇల్లు నిలిచింది, కొబ్బరిచెట్లు నిలవలేదు.

మా అమ్మగారు ఆ తుపానును తట్టుకొన్నారు. 2017 దసరా రోజులలో కాలం చేశారు.

కబురు తెల్లవారుజామున మూడు గంటలకు వచ్చింది. రైలు పట్టుకొంటే మరునాటికి గాని చేరము. అంతవరకు ఉంచడం సాధ్యం కాదని ఊరివారు చెప్పారు. రాంచీ రోడ్డు ఆ రోజులలో నాలుగు వరుసలుగా మారుతూ, మారకుండా ఉన్న దశలో ఉండేది. ఎన్ని గంటలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. టాటానగర్ నుండి ఉదయాన్నే బయలుదేరే స్టీల్ ఎక్స్‌ప్రెస్‌లో హౌరా చేరి, డమ్‌డమ్ విమానాశ్రయం నుండి విశాఖకు పోవడమే దారి. మా అబ్బాయి కంప్యూటరు ముందు కూర్చొని వెదికాడు. దుర్గాపూజ సెలవులు. కలకత్తా నుండి విశాఖకు పోయే విమానాలన్నీ నెలల క్రితమే నిండిపోయాయి. ఆ మధ్యాహ్నపు విమానంలో ఒకే ఒక్క సీటు కనబడింది. దాని ధర మామూలు రోజులలో మా ముగ్గురి ప్రయాణానికీ సరిపోయేది. మా ఆవిడ క్షణం ఆలోచించకుండా, మీరు వెళ్ళండి, మేము రైలులో వస్తామన్నది. అత్తగారిని ఆమె మరి చూడలేదు.

విమానంలో మా పక్కన ఎనిమిదేళ్ళ పిల్లవాడు, వాడి తల్లిదండ్రులు. ముగ్గురి తలలమీద కొత్త టోపీలు. వాడు సముద్రాన్ని మొదటిసారి చూడబోతున్నాడు. కిటికీ వాడిది. కలకత్తా నుండి వచ్చేటప్పుడు తీరం కుడివైపున ఉంటుంది. మా వరుస కుడివైపుదే. కొంతసేపటికి వాడు, అంకుల్, అది ఏ నది అని అడిగాడు. వంగి చూచాము. కళింగపట్నం వద్ద వంశధార సముద్రంలో కలిసే చోటు అది. ఇసుకదిబ్బ వంపును బట్టి పోల్చుకోగలిగాము. ఆ నదికి ఇవతల, కనుచూపు మేరలో మా ఊరు. అమ్మగారు అక్కడ ఉన్నారు. ఊరందరూ మా కోసం చూస్తున్నారు. విమానం ఆగదు గదా, మా ఊరిని దాటి ముందుకు సాగిపోయింది. నది పేరు వాడికి చెప్పాము. వాడు రెండుసార్లు పలికి, పుస్తకంలో వ్రాసుకొన్నాడు.

దిగి, బయటకు వచ్చి, టాక్సీ మాట్లాడుకొని, దాటివచ్చిన దారినే రోడ్డుమీద మరల వెనుకకు పోవాలి. విశాఖ నగరపు రద్దీని దాటడానికే గంట పట్టింది. ఆనందపురం, తగరపువలస, భోగాపురం, చిలకపాలెం, శ్రీకాకుళం. నరసన్నపేట ఇంకా అవతల. విమానంలో కొన్ని నిమిషాలలో గడచిన దూరం నేలమీద మూడు గంటలకు పైగా తీసుకొన్నది. ఊరు చేరేసరికి చీకటి పడింది. పెద్దలు ఆచారాన్ని కొంత సడలించి మా కోసం ఆపారు. ఆ రుణం వారికి ఉన్నది.

పర్యాటకుల మీద మాకు ఏ కోపమూ లేదని ఇక్కడ చెప్పవలె. వారు రాకపోతే ఆ విమానమే ఉండదు. మా ప్రయాణాలు ఏడాదికి ఒకటి రెండు. వాటి కోసం ఏ సంస్థా విమానం నడపదు. అరకు చూడవచ్చేవారు నింపిన విమానంలో మిగిలిన సీటు మాది. అయితే సెలవుల రోజులలో ఆ మిగిలిన సీటు కూడా మిగలదు. రైళ్ళలో తత్కాల్ అని, అత్యవసర కోటా అని ఏదో ఒక కిటికీ ఉంటుంది. విమానానికి అటువంటి కిటికీ లేదు. డబ్బు ఒక్కటే కిటికీ. కర్మాగారంలో రోజుకూలి చేసే మన తెలుగువాడికి ఆ కిటికీ తెరచుకోదు. ఈ విషయంపై ఎవరైనా ఆలోచిస్తే బాగుండును.

ఇక భోగాపురం మాట. విశాఖకు ఈశాన్యంగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, విజయనగరం జిల్లాలో, జాతీయ రహదారికి చేరువగా అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం తలపెట్టారు. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరొకసారి శంకుస్థాపన జరిగింది. రెండు శంకుస్థాపనలు కలిగిన భాగ్యం అన్ని కట్టడాలకూ దక్కదు. రన్‌వే పొడవు 3,800 మీటర్లు. తొలిదశలో ఏడాదికి అరవై లక్షల మంది ప్రయాణికులకు సరిపడేటట్లు రూపకల్పన చేశారు. నావికాదళపు వేళల చిక్కు అక్కడ ఉండదు. విశాఖలోని పౌర విమానాలు అక్కడికి తరలాలన్నది దాని వెనుకనున్న ఏర్పాటు.

ఈ తరలింపు మాట వచ్చినప్పుడెల్లా విశాఖ నగరంలోని మా మిత్రులు గొణుగుతారు. ఊరి మధ్యనుండి పావుగంటలో చేరే విమానాశ్రయాన్ని వదలి గంటన్నర పోవాలా అంటారు. రుషికొండ హోటళ్ళవారి మాట వేరుగా ఉంటుంది, ఎందుకంటే భీమునిపట్నం తీరం భోగాపురానికి దగ్గర. అరకు వెళ్ళదలచినవారు నగరంలో అడుగుపెట్టకుండానే విజయనగరం, శృంగవరపుకోట మీదుగా కొండెక్కవచ్చు. అది విశాఖకు లాభమో నష్టమో అక్కడివారే తేల్చుకోవాలి. ఉత్తరాంధ్ర పల్లెలవారికి మాత్రం మూడు గంటల దారిలో సగం తగ్గుతుంది. వంశధారను పైనుండి చూచిన కాసేపటికి నేలమీద ఉంటారు.

ఆ తగ్గిన దూరానికి వెల చెల్లించినవారు వేరే ఉన్నారు. మొదట పదిహేనువేల ఎకరాల మాట వినిపించింది. రైతులు ఎదురుతిరిగారు. తగ్గుతూ తగ్గుతూ చివరకు సుమారు 2,200 ఎకరాల వద్ద ఆగింది. మరడపాలెం, బొల్లింకలపాలెం వంటి పల్లెలవారు కొబ్బరి, జీడిమామిడి తోటలను వదలి, కట్టి ఇచ్చిన కాలనీలకు తరలిపోయారు. కాళీమాటి స్టేషను పేరు మారిన ప్రాంతంలో ఇన్నేళ్ళుగా ఉంటున్న మాకు ఆ సంగతి కొత్త కాదు. ఇక్కడ సాక్చి చుట్టుపక్కల పల్లెలు పోయిన చోట మన తెలుగువారికి పని దొరికింది.

మా ఇంటికి నాలుగు వీధుల అవతల, క్రేను నడిపి విరమణ పొందిన శ్రీకాకుళపు పెద్దాయన ఒకరున్నారు. వయస్సు ఎనభై దాటింది. బాబాయిగారు అని పిలుస్తాము. విమానం ఎక్కినది ఒక్కసారే, మనుమరాలి పెళ్ళికి. వచ్చేటప్పుడు ఆవకాయ జాడీని చేతిసంచిలో పెట్టుకొని తెస్తే, తనిఖీవారు నూనె వస్తువు విమానంలోనికి కూడదని ఆపివేశారు. ఆయన ఆ జాడీని పారవేయనివ్వలేదు. బయట సాగనంపడానికి వచ్చిన అల్లుడిని వెనుకకు పిలిపించి, చేతికిచ్చి, రైలులో వచ్చేవారితో పంపమన్నారు. పక్క వరుసలో మాడుగుల హల్వా పెట్టెలు, అరకు కాఫీ పొట్లాలు ఏ అడ్డూ లేకుండా పోతుంటే చూచి, ‘చుట్టాల సరుకు పోనిస్తారు గానీ ఇంటోళ్ళ సరుకు పోనీరేటి బాబూ’ అన్నారట. జాడీ నెల తరువాత గమ్హరియా చేరింది. మాకూ ఒక గిన్నెడు వచ్చింది.

ఆయనకు భోగాపురం సంగతి విపులంగా చెప్పాము. రన్‌వే పొడవు, సామర్థ్యం, అన్నీ విన్నారు. క్రేను మీద నలభై ఏళ్ళు దూరాలను కంటితో కొలిచిన మనిషి గనుక కాగితం తెమ్మని అడిగి, భోగాపురం ఒక చుక్క, శ్రీకాకుళం ఒక చుక్క, తమ ఊరు ఒక చుక్క పెట్టి గీత గీశారు. ‘అయితే మనూరు దగ్గిరైపోనాదన్నమాట’ అన్నారు. కొంతసేపు ఆ గీతనే చూచి, విమానం దిగినవాడు రోడ్డుమీదికి నడచి వస్తే అక్కడ నరసన్నపేట బస్సు ఆపుతారా అని అడిగారు. తెలుసుకొని చెబుతామన్నాము. విజయనగరంలో ఉన్న మా బావమరిదికి ఉత్తరం వ్రాశాము.